పాత జీపుకు కొత్త నడక

ముంచింగిపుట్టు సంతకు వచ్చే పాత జీపును మీలో ఎంతమంది ఎక్కారు? ఎక్కినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఎక్కనివాళ్ళ కోసం చెబుతాను. పాడేరు నుంచి పెదబయలు మీదుగా సాగే కొండదారి అది. ఒక పక్క కొండ, ఇంకొక పక్క లోయ, అక్కడక్కడ గెడ్డలు. ఇంకా ముందుకు పోతే జోలాపుట్టు జలాశయం, ఆ నీటితో 1955 నుంచి కరెంటు తీస్తున్న మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం, ఆ పైన ఒడిశా. ఈ దారిలో జీపు ఎక్కితే ప్రతి గోతికీ తల పైకప్పుకు తగులుతుంది. మలుపు వచ్చినప్పుడల్లా జీపు లోయ వైపుకో కొండ వైపుకో ఒరుగుతుంది. పైన పసుపు మూటలు, కొండచీపుళ్ళ కట్టలు, వాటి మీద ఒక్కొక్కసారి మనుషులు కూడా! లోపల కూర్చున్న అవ్వ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలచుకుంటుంది.

ఇలాంటి జీపును బాగుచేసి, మెత్తగా నడిచేటట్లు, మలుపులో భయపెట్టకుండా ఉండేటట్లు చేయవచ్చా? చేయవచ్చు. పాత బళ్ళను అపురూపంగా దాచుకునేవాళ్ళు ప్రపంచమంతటా ఈ పని చేస్తూనే ఉన్నారు. అయితే ఏది మార్చాలో, ఏది మార్చకూడదో తెలియకుండా చేయి వేస్తే బండి బాగుపడదు సరిగదా, ఇంకా ప్రమాదకరంగా తయారవుతుంది. ఎందుకో చూద్దాం.

జీపు యుద్ధం కోసం పుట్టిన బండి. 1940లో అమెరికా సైన్యం తేలికైన, ఎక్కడికైనా పోగలిగే బండి ఒకటి కావాలని అడిగింది. మరుసటి ఏడు విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు వాటిని పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాయి. మనకు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బొంబాయిలోని మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపుల భాగాలు తెప్పించి ఇక్కడ బిగించసాగింది. తరవాత తానే తయారుచేసింది. ఆ జీపుల్లో ముందూ వెనకా రెండు ఇనుప ఇరుసులు, నాలుగు మూలలా నాలుగు కమాను కట్టలు. ఎడ్లబండి ఇరుసుకూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఈ కమాను కట్టలే.

కమాను పట్టీలో ఏముంది?

లారీ వెనక చక్రాల దగ్గరికి వంగి చూడండి. (నిలిచి ఉన్న లారీని మాత్రమే సుమా!) ఒకదాని కింద ఒకటిగా పేర్చిన ఉక్కు పట్టీలు కనబడతాయి. అన్నిటికన్నా పొడుగుది మెయిన్ పట్టీ. దాని రెండు కొసలూ చుట్టలు చుట్టి ఛాసిస్‌కు తగిలించి ఉంటాయి. దాని కింద పట్టీలు ఒకదానికన్నా ఒకటి పొట్టిగా ఉంటాయి. బరువంతా నడిమి భాగం మీద ఎక్కువగా పడుతుంది కాబట్టి అక్కడ మందం ఎక్కువ, కొసలకు తక్కువ. ఒకే మందపాటి పట్టీ వాడితే అది వంగదు. పలచటి పట్టీలు పేర్చితే ప్రతిదీ వంగుతుంది, అన్నీ కలిసి బరువు మోస్తాయి. ఇది ఎంత పాత ఉపాయమంటే, మోటారు కారు పుట్టకముందే గుర్రపుబగ్గీలకు ఇవి ఉండేవి.

బరువు పెరిగినకొద్దీ స్ప్రింగు అదే నిష్పత్తిలో వంగుతుందని ఇంగ్లాండుకు చెందిన రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. మీ భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్న హుక్ నియమం ఇదే. ఉదాహరణకు వంద కిలోలకు ఒక సెంటీమీటరు దిగే స్ప్రింగు రెండు వందల కిలోలకు రెండు సెంటీమీటర్లు దిగుతుంది.

ఇప్పుడు మన జీపు దగ్గరికి వద్దాం. సంత రోజున బేరం ఎక్కువ. బరువు ఎక్కువైతే కమాన్లు చదునైపోయి ఇరుసు ఛాసిస్‌కు కొట్టుకుంటుంది. అందుకు మెకానిక్కు చెప్పే మందు ఒకటే: "ఇంకో రెండు పట్టీలు వేసేద్దాం." లేకపోతే, "మందం పట్టీలు వేసేద్దాం." వినడానికి బాగానే ఉంది. కానీ పట్టీ మందాన్ని కొంచెం పెంచితే దాని గట్టితనం కొంచెమే పెరుగుతుందనుకుంటున్నారా? మందాన్ని ఘనం చేసినంతగా పెరుగుతుంది! 6 మిల్లీమీటర్ల పట్టీ బదులు 7 మిల్లీమీటర్ల పట్టీ వేశామనుకోండి. 6 ఘనం 216. 7 ఘనం 343. అంటే పట్టీ దాదాపు 1.6 రెట్లు గట్టిపడింది. నమ్మకం కుదరకపోతే ప్లాస్టిక్ స్కేలు ఒకటి తీసుకుని బల్లపరుపుగా పట్టి వంచండి. తరవాత నిలువుగా అంచు మీద పట్టి వంచండి. రెండోసారి వంగిందా? వస్తువు ఒక్కటే, మందం దిశ మారిందంతే.

గోతిలోకి దిగని చక్రం

గట్టి కమాన్లు వేసిన జీపు లోడుతో ఉన్నప్పుడు గంభీరంగానే నిలబడుతుంది. మరి అది ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు?

జాగ్రత్తగా ఆలోచించండి. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. జీపు బరువుకు కమాను కొంత వంగి ఉంటుంది. ఆ వంగిన మేరకే అది చక్రాన్ని కిందికి నొక్కగలదు. మెత్తటి కమాను జీపు బరువుకు 12 సెంటీమీటర్లు వంగిందనుకుందాం. చక్రం 5 సెంటీమీటర్ల గోతిలో పడితే కమానుకు ఇంకా 7 సెంటీమీటర్ల వంపు మిగిలే ఉంటుంది. అది చక్రాన్ని గోతి అడుక్కు నొక్కిపెడుతుంది. గట్టి కమాను అయితే అదే బరువుకు 4 సెంటీమీటర్లే వంగింది. చక్రం 5 సెంటీమీటర్ల గోతి మీదికి వచ్చింది. 4 సెంటీమీటర్లు దిగేసరికి కమాను నొక్కడం అయిపోయింది. ఆ తరవాత? చక్రం గాలిలో వేలాడుతుంది. నేలను తాకని టైరుకు ఘర్షణ లేదు. ఘర్షణ లేని టైరు స్టీరింగు తిప్పితే తిరగదు, బ్రేకు వేస్తే ఆగదు. డ్రైవరు ఎంత నేర్పరి అయినా ఆ క్షణంలో చేయగలిగేది ఏమీ లేదు.

కమాన్లు ప్రయాణికుల సుఖం కోసం పెట్టారని చాలామంది అనుకుంటారు. సుఖం సంగతి తరవాత. టైరును నేలకు అంటిపెట్టి ఉంచడం వాటి మొదటి పని.

కమాను ఎంత వంగిందో తెలిస్తే బండి సెకనుకు ఎన్నిసార్లు పైకీ కిందికీ ఊగుతుందో కూడా చెప్పవచ్చు. వంపును సెంటీమీటర్లలో తీసుకుని దాని వర్గమూలంతో 5ను భాగించండి. 25 సెంటీమీటర్లు వంగితే సెకనుకు ఒకసారి. 6.25 సెంటీమీటర్లు అయితే రెండుసార్లు. 4 సెంటీమీటర్లు అయితే రెండున్నరసార్లు. దీన్నే పౌనఃపున్యం అంటారు. సెకనుకు ఒకటీ రెండు ఊపులు మనకు అలవాటే, ఎందుకంటే మన నడకలోనూ ఇంచుమించు అదే ఊపు ఉంది. అక్కడి నుంచి పెరిగినకొద్దీ ఒంటికి కష్టం. సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది ఊపుల మధ్య మన మొండెం అన్నిటికన్నా ఎక్కువగా బాధపడుతుంది. ఆస్పత్రికి తీసుకుపోతున్న గర్భిణికో, కాలు విరిగిన ముసలాయనకో ఈ లెక్క ఎంత ముఖ్యమో మీరే ఊహించుకోండి.

బాగాలేని దారులకు మెత్తని స్ప్రింగులే మేలని ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీ గట్టిగా నమ్మింది. పల్లెటూరి రైతు కోడిగుడ్ల బుట్ట పెట్టుకుని దున్నిన చేలో నడిపినా ఒక్క గుడ్డు కూడా పగలకూడదని తమ ఇంజనీర్లకు షరతు పెట్టారట. అలా తయారై 1948లో ప్రజల ముందుకు వచ్చిన కారు పేరు 2సీవీ. అది మలుపులో తెరచాప పడవలా ఒరిగేది. చూసేవాళ్ళకు గుండె ఆగినంత పని. అయినా బోర్లాపడడం అరుదు, బరువంతా కిందనే ఉండేది కనుక. ఒరగడం వేరు, బోర్లాపడడం వేరు. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్ళీ పని పడుతుంది.

ఊపును మింగే నూనె

మెత్తని స్ప్రింగుకు ఒక చెడ్డ అలవాటుంది. ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆపదు. గోతిలో పడ్డప్పుడు అది దాచుకున్న శక్తి ఎక్కడికీ పోలేదు కదా! ఆ శక్తిని మింగేందుకే షాక్ అబ్జార్బర్ ఉంది. పేరు విని అదే దెబ్బను ఓర్చుకుంటుందనుకుంటాం. నిజానికి దెబ్బను ఓర్చుకునేది కమాను. ఊపును చంపేది షాక్ అబ్జార్బర్. గొట్టంలో నూనె, అందులో చిన్న చిన్న రంధ్రాలున్న పిస్టను. పిస్టను కదిలితే నూనె ఆ రంధ్రాల గుండా బలవంతంగా దూరాలి. అందులో శక్తి వేడిగా మారిపోతుంది. గతుకుల దారిలో చాలాసేపు నడిచిన జీపు షాక్ అబ్జార్బర్ బాగా వేడెక్కి ఉంటుంది. గోతి తెచ్చిన ఊపే అలా వేడిగా మారింది.

నిజానికి కమాను పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి కాబట్టి ఆ ఘర్షణ వల్ల కూడా ఊపు కొంత తగ్గుతుంది. కానీ తుప్పు పట్టి, మట్టి చేరిన పట్టీలు బిగుసుకుపోతాయి. చిన్న గతుకులకు అవి అసలు కదలవు. అప్పుడు కమాను ఉండీ లేనట్లే. ఈ మధ్య పాత జీపులకు పారబోలిక్ కమాన్లు అమరుస్తున్నారు. వాటిలో రెండో మూడో పట్టీలు మాత్రమే ఉంటాయి. ప్రతి పట్టీ నడుమ మందంగా, కొసలకు పలచగా సాగుతుంది. మధ్యలోనూ కొసల్లోనూ తప్ప ఒకదాన్నొకటి తాకవు. రాపిడి లేదు కనుక మెత్తగా పనిచేస్తాయి. అయితే ఊపును ఆపే రాపిడి కూడా పోయింది కదా? అందుకని వాటితోపాటు మంచి షాక్ అబ్జార్బర్లు తప్పనిసరి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే జీపు ఉయ్యాలలాగే ఊగుతుంది.

ముందు కమాను, వెనక కమాను ఒకేలా ఉండాలా? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన మనిషి మారిస్ ఓలే. రోల్స్‌రాయిస్‌లో పనిచేసి, 1930లో అమెరికాలోని జనరల్ మోటార్స్‌కు వెళ్ళాడు. అటూ ఇటూ జరపగలిగే బరువులు పెట్టిన ఒక కారు తయారుచేసి, రకరకాల స్ప్రింగులతో నడిపి చూశాడు. తేలిందేమిటంటే, ముందు స్ప్రింగులు వెనకవాటికన్నా మెత్తగా ఉండాలి. ఎందుకంటారా? గతుకు మీదికి ముందు చక్రాలు మొదట వస్తాయి. రెండు మీటర్ల వెనక ఉన్న వెనక చక్రాలు, గంటకు 36 కిలోమీటర్ల వేగంలో, సెకనులో అయిదో వంతు ఆలస్యంగా వస్తాయి. వెనక భాగం కొంచెం త్వరగా ఊగితే ముందు భాగాన్ని అందుకుంటుంది. అప్పుడు బండి మొత్తం ఒకేసారి లేచి ఒకేసారి దిగుతుంది. లేకపోతే ముక్కు లేస్తే తోక దిగుతుంది, తోక లేస్తే ముక్కు దిగుతుంది. వాంతులు వచ్చేది ఇలాంటి బళ్ళలోనే. ముందు కమాన్లకు పట్టీలు చేర్చి గట్టిపరిస్తే సరిగ్గా ఈ రోగాన్ని తెచ్చిపెట్టుకున్నట్లే.

మలుపులో ఏం జరుగుతుంది?

ఇప్పుడు మలుపు దగ్గరికి వచ్చాం. మలుపు తిరిగే జీపును లోపలి వైపుకు లాగేది టైర్లకూ నేలకూ మధ్య ఉన్న ఘర్షణ. ఆ ఘర్షణ నేల దగ్గర పనిచేస్తుంది. జీపు బరువు మాత్రం పైన, గరిమనాభి దగ్గర ఉన్నట్లు లెక్క. కాళ్ళ కింద చాపను ఒక్కసారి లాగితే నిలబడ్డ మనిషి ఎటు పడతాడు? జీపుకూ అదే గతి. గరిమనాభి ఎంత ఎత్తున ఉంటే అంత తేలికగా బోర్లాపడుతుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. మన జీపు బరువు 1,200 కిలోలు, గరిమనాభి నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం 1.2 మీటర్లు. దాని మీద 50 కిలోల మూటలు ఆరు, అంటే 300 కిలోలు వేయాలి. మూటలను లోపల నేల మీద, 80 సెంటీమీటర్ల ఎత్తులో వేస్తే మొత్తం గరిమనాభి 68 సెంటీమీటర్లకు చేరుతుంది. అవే మూటలు 2.1 మీటర్ల ఎత్తున పైకప్పు మీద వేస్తే? 94 సెంటీమీటర్లు! మూటలు అవే, జీపు అదే, కమాన్లు అవే.

చక్రాల దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే బండి ఎంత పక్కబలానికి పడిపోతుందో తెలుస్తుంది. మొదటి జీపుకు 0.88. రెండోదానికి 0.64. మంచి పొడిదారిలో టైరు ఘర్షణ గుణకం 0.75 అనుకుందాం. మొదటి జీపు వేగం ఎక్కువైతే పడిపోయేలోగా జారుతుంది. జారితే డ్రైవరుకు తెలుస్తుంది, వేగం తగ్గించుకోవడానికి క్షణమైనా దొరుకుతుంది. రెండో జీపు జారదు. జారేలోగానే లోపలి చక్రాలు లేచిపోతాయి.

వేగాల్లో చెబితే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 15 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో మొదటి జీపు పడిపోయే వేగం గంటకు 41 కిలోమీటర్లు. రెండోదానికి 35. అంతేకాదు, ఎత్తయిన బరువుతో కమాన్లు ఒకవైపు అణిగి జీపు ఒరుగుతుంది. ఒరిగితే గరిమనాభి బయటికి 10 సెంటీమీటర్లు జరిగిందనుకుంటే వేగం 32కు దిగిపోతుంది. అదే క్షణంలో బయటి చక్రం గోతిలో పడితే ఇంకా తక్కువ.

లండన్‌లో డబుల్ డెక్కర్ బస్సులకు ఒక పరీక్ష ఉండేది. పై అంతస్తులో మనుషులకు బదులు ఇసుకబస్తాలు వేసి, బస్సును ఒక పక్కకు 28 డిగ్రీలు వంచేవారు. పడిపోకపోతే పాసు. మన జీపును అలా వంచితే? మూటలు నేల మీద ఉంటే సుమారు 41 డిగ్రీల దాకా నిలబడుతుంది. పైకప్పు మీద ఉండి, ఒరుగుడు కూడా కలిస్తే 28 డిగ్రీలకే పడుతుంది. చదునైన నగర వీధుల బస్సుకు పెట్టిన కనీస హద్దు దగ్గర ఒక జీపు ఘాటురోడ్డు ఎక్కుతున్నదన్నమాట!

దీన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. ఒక పలక మీద అగ్గిపెట్టెను పడుకోబెట్టి పలకను మెల్లగా ఎత్తండి. అగ్గిపెట్టె జారుతుంది. ఇప్పుడు దాన్ని నిలువుగా నిలబెట్టి ఎత్తండి. జారకుండానే బోర్లాపడుతుంది.

మరి ఏం మార్చాలి?

రేసు కార్లవాళ్ళు చేసే మొదటి పని బండిని నేలకు దించడం. గరిమనాభి దిగుతుంది, మలుపులో నిలకడ వస్తుంది. కానీ ముంచింగిపుట్టు దారుల్లో అలా చేస్తే మొదటి గెడ్డ దాటేలోపే ఇరుసు రాతికి తగులుతుంది. ఇక్కడ జీపు ఎత్తుగానే ఉండాలి. కనుక దించవలసింది బరువును. పైకప్పు మీది మూట లోపలికి వస్తే, ఏ ఖరీదైన కమానూ ఇవ్వలేని నిలకడ పైసా ఖర్చు లేకుండా వస్తుంది. పైన మనుషులు కూర్చోవడం సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఒరుగుడును తగ్గించే కడ్డీ ఒకటుంది. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపే ఉక్కుకడ్డీ అది. రెండు చక్రాలూ కలిసి లేస్తే అది ఊరుకుంటుంది. ఒకటి లేచి రెండోది దిగితే మెలితిరిగి ఎదురుతిరుగుతుంది. తారురోడ్డు మీద నడిచే కారుకు ఇది మంచి మందు. రాళ్ళబాటలో మాత్రం ఒక చక్రం రాయెక్కినప్పుడు రెండో చక్రాన్నీ పైకి లాగుతుంది. టైరు నేలను వదలకూడదని ఇంతసేపూ చెప్పుకున్నాం కదా! అందుకే జీపుకు దీన్ని ఆలోచించి పెట్టాలి.

మెలితిరిగే కడ్డీ అంటే అంబాసిడర్ కారు గుర్తుకు వస్తుంది. 1950ల చివర మొదలై 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన ఈ కారుకు వెనక కమాన్లు, ముందు మాత్రం పొడుగాటి ఉక్కుకడ్డీలు. చక్రం లేస్తే కడ్డీ మెలితిరుగుతుంది, అదే దాని స్ప్రింగు. ఇక్కడ లెక్క ఇంకా పదును. కడ్డీ మందం పదో వంతు పెరిగితే గట్టితనం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అంబాసిడర్‌ను పదిలంగా దాచుకున్నవాళ్ళు దాని మీద ప్రయోగాలు చేసేముందు ఈ లెక్క చూసుకోవాలి.

నన్నడిగితే పాత బండికి కొత్త సామాను కొనడానికి ముందు అరిగిన సామాను మార్చాలంటాను. కమాను చుట్టలోని రబ్బరు బుష్షులు, షాకిల్ పిన్నులు, స్టీరింగు జాయింట్లు, చక్రాల బేరింగులు అరిగితే చక్రం తనకు నచ్చిన వైపు చూస్తుంది. స్టీరింగు తిప్పినా సగం తిప్పుడు ఆ సందుల్లోనే ఇంకిపోతుంది. ఇవన్నీ చవక వస్తువులు. తరవాత టైర్లు, వాటిలో గాలి. 1946లో ఫ్రాన్సులో మిషెలిన్ కంపెనీ పేటెంటు తీసుకున్న రేడియల్ టైరు పాత రకం టైరుకన్నా నేలను బాగా పట్టుకుంటుంది. కానీ ఒకే ఇరుసుకు ఒక పక్క పాతది, ఒక పక్క కొత్తది వేయకూడదు. రెండూ రెండు రకాలుగా వంగుతాయి. ఆ తరవాత షాక్ అబ్జార్బర్లు. కమాన్ల జోలికి పోవలసింది అన్నిటికన్నా చివర. అప్పుడైనా రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలు మారిపోయేటట్లు మార్పులు చేయడానికి చట్టం ఒప్పుకోదు. ముందుగా రవాణా శాఖవారిని అడగాలి.

షాక్ అబ్జార్బర్ పనిచేస్తున్నదో లేదో చెప్పే పరీక్ష ఒకటి మెకానిక్కులందరికీ తెలుసు. నిలిచి ఉన్న బండి మూలను గట్టిగా కిందికి నొక్కి వదలాలి. ఒకసారి లేచి కుదురుకుంటే మంచిది. రెండు మూడుసార్లు ఊగితే అందులో నూనె పోయినట్లే. (జాకీ మీద ఉన్న బండి దగ్గర మాత్రం ఎప్పుడూ ఇలాంటి పని చేయకండి. దాని కిందికి అసలే దూరకండి.)

ఈసారి మీ ఊళ్ళో జీపు ఆగినప్పుడు డ్రైవరును అడిగి ఒక కొలత తీయండి. వెనక మడ్‌గార్డు అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో ఖాళీగా ఉన్నప్పుడు స్కేలుతో కొలవండి. సామాను వేశాక మళ్ళీ కొలవండి. వెనక భాగంలో 300 కిలోలు వేస్తే 3 సెంటీమీటర్లు దిగిందనుకోండి. అంటే వెనక రెండు కమాన్లూ కలిసి సెంటీమీటరుకు వంద కిలోలు మోస్తున్నాయి. జీపు సొంత బరువులో వెనక ఇరుసు మీద పడేది 600 కిలోలు అనుకుంటే, ఖాళీ జీపు కమాను 6 సెంటీమీటర్లు వంగి ఉందన్నమాట. మీ దారిలోని గోతుల్లో అంతకన్నా లోతైనవి ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టి చూడండి.